ఎడారి పనికి కెమెరా: దుమ్ము ఎక్కడ దూరుతుంది, ఎలా ఆపాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. తవ్వకాల బృందంతో ఆరు వారాలు ఎడారిలో ఉండబోతున్నారు. మీ దగ్గర ఒక మిర్రర్‌లెస్ బాడీ, ఒక 24-105 జూమ్, ఒక మాక్రో లెన్సు ఉన్నాయి. బాడీకి వెదర్ సీలింగ్ (దుమ్ము, తడి లోపలికి పోకుండా సందుల్లో ఉండే రబ్బరు అడ్డు) లేదు. సీలింగ్ ఉన్న కొత్త బాడీ కొనాలా, ఉన్నదానికే ఏదైనా తొడుగు వేసి నడిపించవచ్చా, సెన్సర్ రోజూ శుభ్రం చేయాలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. కొత్త బాడీ కొనకండి. ఆ డబ్బులో కొంత పెట్టి, మీ లెన్సులు పట్టే పాత బాడీ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకోండి. జూమ్ ఒకదానికి, మాక్రో ఒకదానికి బిగించి, ఆరు వారాలూ పని స్థలంలో వాటిని విప్పకండి. తొడుగు గాలి వీచేటప్పుడు మాత్రమే వాడండి. సెన్సర్‌ను రోజూ ముట్టుకోకండి, అవసరం పడితేనే శుభ్రం చేయండి.

నేను చాలా ఏళ్లుగా ఇలాంటి బృందాలకు ఫొటోలు తీస్తున్నాను. నేను చూసినంతలో కెమెరాలు పాడైంది ఎక్కువగా రెండు సందర్భాల్లోనే: దుమ్ములో తెరిచినప్పుడు, దుమ్ము మీద తుడిచినప్పుడు. మిగతా సమయంలో అవి మనం అనుకున్నదానికంటే గట్టివే. కాబట్టి రోజులో ఎన్నిసార్లు తెరుస్తున్నాం, ఎక్కడ తెరుస్తున్నాం, ఎప్పుడు తుడుస్తున్నాం అన్నదాని మీదే దృష్టి పెట్టాలి.

ఎడారి అనగానే అందరూ ఇసుకకు భయపడతారు. భూగర్భ శాస్త్రం లెక్కలో ఇసుక అంటే 0.0625 మి.మీ. నుంచి 2 మి.మీ. దాకా ఉన్న రేణువు. దాన్ని గాలి లేపుతుంది కానీ ఎక్కువ ఎత్తుకు మోయలేదు. అది నేల మీద గెంతుతూ పోతుంది, చాలా భాగం మోకాలి ఎత్తు దాటదు. కెమెరాను నేల మీద పెట్టకుండా, మోకాళ్ల మీద కూర్చుని బ్యాగు తెరవకుండా ఉంటే ఇసుక బెడద సగం తీరినట్టే. అసలు పేచీ అంతకంటే సన్నని నలుసులతో. 60 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) లోపు ఉండే ఒండ్రు నలుసులు, 4 మైక్రాన్ల లోపు ఉండే బంకమట్టి నలుసులు గాలి ఆగాక కూడా తేలుతూనే ఉంటాయి. కదలని గాలిలో 10 మైక్రాన్ల క్వార్ట్జ్ నలుసు ఒక మీటరు కిందికి దిగడానికి సుమారు 2 నిమిషాలు పడుతుంది. అదే 2.5 మైక్రాన్లదైతే అరగంట దాటుతుంది. జీపు ఆగగానే డోరు మూసి లెన్సు మార్చేవాళ్లకు ఈ లెక్క తెలియాలి. లోపల ప్రశాంతంగా కనిపిస్తుంది, కానీ సన్న దుమ్మంతా ఇంకా గాలిలోనే ఉంటుంది.

ఇక గట్టిదనం. ఏది దేన్ని గీయగలదో చెప్పే మోస్ కొలమానంలో, ఇసుకలో ఉండే గట్టి ఖనిజం క్వార్ట్జ్ 7. మామూలు గాజు 5.5 దగ్గర ఉంటుంది. లెన్సు గాజు రకాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ ఉన్నా, క్వార్ట్జ్ రేణువును గుడ్డ కింద పెట్టి రుద్దితే గీత పడటం ఖాయం. దుమ్ము దానంతట అది లెన్సు మీద కూర్చుంటే ఏమీ కాదు. దాన్ని నొక్కి లాగింది మన చెయ్యే.

వెదర్ సీలింగ్ సంగతి. సీలింగ్ ఉందని చెప్పే చాలా కెమెరాలకు ఏ ప్రమాణం ప్రకారమూ పరీక్షించిన అంకె ఇవ్వరు. అంకె ఇచ్చినవాటిలో ఓఎం సిస్టమ్ ఓఎం-1ది ఐపీ53, లైకా ఎస్ఎల్2ది ఐపీ54. ఐపీ అంటే దుమ్మును, నీళ్లను ఎంతవరకు ఆపుతుందో చెప్పే ప్రమాణం. ఇందులో మొదటి అంకె దుమ్ముకు సంబంధించింది. 5 అంటే కొంత దుమ్ము లోపలికి వెళ్లవచ్చు, కానీ పనిచేయడం ఆగదు అని. అసలు వెళ్లదని చెప్పాలంటే ఆ అంకె 6 ఉండాలి. మార్చే లెన్సుల కెమెరాల్లో దాన్ని ఆశించలేం. పైగా బాడీకి సీలింగ్ ఉండి లెన్సుకు లేకపోతే ఉపయోగం సగమే. లెన్సు మౌంటు దగ్గర ఉండే పలుచని రబ్బరు రింగుకు నాలుగు ఇసుక రేణువులు అంటుకున్నా అక్కడ సందు తెరుచుకుంటుంది. సీలింగ్ ఉంటే మంచిదే, ఉన్నదాన్ని వదులుకోమని చెప్పను. కానీ సీలింగ్ ఉన్న ఒక్క బాడీతో రోజుకు పదిసార్లు లెన్సు మార్చేవాళ్లకంటే, సీలింగ్ లేని రెండు బాడీలతో ఒక్కసారీ మార్చనివాళ్ల సెన్సర్ శుభ్రంగా ఉంటుంది. ఆరు వారాల పనిలో ఒక బాడీ మొరాయిస్తే రెండోది ఉండటం వేరే లాభం. ఎడారి మధ్యలో రిపేరు చేసేవాళ్లు దొరకరు.

మీ 24-105 గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది జూమ్ చేస్తే పొడవు పెరిగే లెన్సు. గొట్టం ముందుకు సాగిన ప్రతిసారీ లోపల ఖాళీ పెరుగుతుంది, ఆ ఖాళీలోకి బయటి గాలి వస్తుంది. వెనక్కి తెస్తే గాలి పోతుంది గానీ దుమ్ము కొంత లోపలే మిగిలిపోతుంది. ఇంకా ఇబ్బంది ఏమిటంటే, సాగిన గొట్టం మీద కూర్చున్న రేణువులు లోపలికి ముడిచేటప్పుడు ఆ సందులోకి చేరతాయి. జూమ్ రింగు తిప్పుతుంటే వేళ్లకు సన్నగా గరగర తగిలిందంటే అక్కడికి చేరాయనే అర్థం. లోపలే జూమ్ అయ్యే 70-200 లాంటి లెన్సులకు ఈ బాధ చాలా తక్కువ. మీరు చేయగలిగింది, ఉదయం బయల్దేరే ముందే 35 లేదా 50 దగ్గర పెట్టి, జూమ్ రింగు మీదుగా కాగితపు మాస్కింగ్ టేపు చుట్టేయడం. తవ్వకం గుంటల ఫొటోలకు ఎలాగూ రెండు అడుగులు ముందుకో వెనక్కో వేసి సర్దుకోవచ్చు. ఫొటోగ్రామెట్రీ (చాలా ఫొటోలు కలిపి కొలతలు, త్రీడీ నమూనా తీయడం) చేస్తున్నట్లయితే ఫోకల్ లెంగ్త్ కదలకూడదు కాబట్టి ఈ టేపు వేయాల్సిందే.

యూవీ ఫిల్టరు పెట్టాలా వద్దా అని మామూలుగా పెద్ద వాదన నడుస్తుంది. నగరంలో ఎటైనా ఫరవాలేదు. ఎడారిలో మాత్రం పెట్టమనే చెబుతాను. గీత పడితే పడేది ఫిల్టరు మీదే. పైగా కొన్ని సీల్డ్ లెన్సులకు ముందు ఫిల్టరు బిగిస్తేనే సీలింగ్ పూర్తవుతుంది. కానన్ 16-35 ఎఫ్2.8ఎల్, 17-40 ఎఫ్4ఎల్ లాంటివాటికి కంపెనీయే ఆ మాట చెబుతుంది. ఫిల్టరు విప్పేటప్పుడు లెన్సు ముఖం నేలవైపు ఉంచండి. మరల్లో ఇరుక్కున్న ఇసుక గాజు మీద పడకుండా కిందికి రాలిపోతుంది. అయస్కాంతంతో అతుక్కునే ఫిల్టర్లు మాత్రం వద్దు. చాలా ఎడారి ఇసుకల్లో నల్లగా మాగ్నెటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం) రేణువులు కలిసి ఉంటాయి. అవి ఆ అయస్కాంతపు రింగుకు పట్టుకుని ఎంత ఊదినా రావు.

ఉదయం గుడారం నుంచి బయటికి రాకముందే తలుపులన్నీ మూయండి. కార్డు తలుపు, యూఎస్‌బీ, మైకు రంధ్రాల రబ్బరు మూతలు, ఫ్లాష్ పెట్టే హాట్ షూ, వీటి మీద మాస్కింగ్ టేపు వేయండి. చాలామంది గాఫర్ టేపు వేస్తారు. చల్లని చోట అది బాగుంటుంది, కానీ ఎండకు కాగిన కెమెరా మీద దాని జిగురు కరిగి అంటుకుపోతుంది, తర్వాత ఆ జిగురుకే దుమ్ము పట్టుకుంటుంది. కాగితపు టేపు రోజూ మారిస్తే ఆ బాధ లేదు. నిండా చార్జి ఉన్న బ్యాటరీ, రోజంతటికీ సరిపడే పెద్ద కార్డు పెట్టుకుంటే మధ్యలో ఆ టేపు పీకాల్సిన పని రాదు. బ్యాటరీ మార్చక తప్పదనుకుంటే భోజన విరామంలో, గాలి తగలని చోట మార్చండి. ఊరికే ఒక గుర్తుకోసం తీసే ఫొటోలకు ఫోన్ వాడండి. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి ఐపీ68 ఉంటుంది, వాటిలోకి దుమ్ము పోదు. చార్జింగ్ రంధ్రంలో మాత్రం ఇసుక నిండుతుంది, సాయంత్రం వైరు గుచ్చేముందు ఒకసారి ఊదండి.

తొడుగుల విషయం. వర్షం కవరు, లేదా పారదర్శకమైన పాలిథీన్ సంచికి రంధ్రం చేసి లెన్సు హుడ్ చుట్టూ రబ్బరు బ్యాండు వేసింది, రెండూ ఒకటే పని చేస్తాయి. గాలి వీస్తున్నప్పుడు అవి బాగా పనికొస్తాయి. కానీ రోజంతా వేసి ఉంచితే లోపల కెమెరా ఉడికిపోతుంది, బటన్లు సరిగా అందవు, చికాకుతో మీరే మధ్యలో చింపేస్తారు. గాలి లేనప్పుడు కెమెరాను తెల్లని పలుచని గుడ్డ కప్పి నీడలో పెట్టండి, తీయాల్సినప్పుడు తీయండి. తీయడం అయిపోగానే లెన్సు క్యాపు పెట్టి జిప్‌లాక్ సంచిలోకి. జిప్‌లాక్ సంచులు బాగా పెద్దవి, మందమైనవి తీసుకెళ్లండి. జిప్పు గాడిలో ఇసుక చేరితే అది మళ్లీ మూసుకోదు, అందుకే ఆరు వారాలకు ఒకటి రెండు చాలవు.

గట్టి పెట్టె, అంటే రబ్బరు సీలు ఉన్న పెలికన్ లాంటిది, రవాణాకూ రాత్రి నిల్వకూ చాలా మంచిది. మూత చుట్టూ ఉండే ఆ రబ్బరు తాడును మూసే ప్రతిసారీ వేలితో ఒక చుట్టు తడమండి. ఒక్క వెంట్రుక అడ్డం పడినా అక్కడ సీలు పోయినట్టే. గుడ్డ బ్యాగులు వీపుకు హాయిగా ఉంటాయి గానీ దుమ్మును పీల్చుకుని, మనం నడుస్తుంటే ఊపుకు దాన్ని కెమెరా మీదే రాలుస్తాయి. అవే వాడాల్సి వస్తే లోపల కెమెరా జిప్‌లాక్‌లోనే ఉండాలి, బ్యాగును వారానికి రెండు మూడు సార్లు పూర్తిగా ఖాళీ చేసి తిరగేసి దులపాలి.

వాహనంలో ఉన్నప్పుడు కిటికీలు మూసి, ఫ్యాను బయటి గాలిని తీసుకునేలా పెట్టండి. లోపల ఒత్తిడి కొంచెం ఎక్కువగా ఉండి, సందుల్లోంచి దుమ్ము లోపలికి రాదు. ముందు మరో వాహనం దుమ్ము లేపుతూ పోతున్నప్పుడు మాత్రం లోపలి గాలి తిరిగేలా మార్చాలి. కెమెరా పెట్టెను వెనక డిక్కీలో పెట్టవద్దు. వాహనం వెనక గాలి సుడి తిరుగుతుంది కాబట్టి దుమ్ము ఎక్కువగా దూరేది వెనక తలుపు సందుల్లోంచే. సీటు మీద పెట్టి బెల్టు వేయండి, కుదుపులకు స్క్రూలు వదులు కాకుండా కూడా అదే మంచిది.

ఎంత చెప్పినా ఏదో ఒక రోజు లెన్సు మార్చక తప్పదు. అప్పుడు నేను చేసే పద్ధతి ఇది. ముందుగా కెమెరా, మార్చబోయే లెన్సు రెండింటి బయటి భాగాన్నీ మెత్తని బ్రష్‌తో దులుపుతాను, ముఖ్యంగా మౌంటు చుట్టూ ఉండే సన్నని గాడిని. ఆ గాడిలో ఉన్న ఇసుకే లెన్సు తిప్పగానే లోపలికి రాలేది. తర్వాత ఒక పెద్ద పారదర్శకమైన పాలిథీన్ సంచి తీసుకుని, లోపలి వైపు కొద్దిగా తడిపి పిండిన గుడ్డతో ఒకసారి తుడుస్తాను. పొడి గాలిలో పాలిథీన్‌కు విద్యుదావేశం పట్టి దుమ్మును లాక్కుంటుంది, ఆ కాస్త తడి దాన్ని తగ్గిస్తుంది. కెమెరా, లెన్సు, క్యాపులు అన్నీ సంచిలో పెట్టి, మూతి దగ్గర నా మణికట్లు దూర్చి, గాలికి వీపు పెట్టి నిలబడి, ఛాతీ ఎత్తులో పని చేస్తాను. కూర్చోను, ఎందుకో పైన చెప్పాను. కెమెరా ఆఫ్ చేసి ఉంటుంది, మౌంటు నేలవైపు చూస్తుంటుంది. కొత్త లెన్సు వెనక క్యాపు ముందే వదులు చేసి పెట్టుకుంటాను. పాతది విప్పడం, కొత్తది తగిలించడం వెంటవెంటనే అయిపోవాలి. చివరగా ఒక చిన్న విషయం: లెన్సు వెనక క్యాపు లోపల దుమ్ముంటే అది నేరుగా లెన్సు వెనక గాజుకు, అక్కడినుంచి సెన్సర్‌కు చేరుతుంది. వారానికి ఒకసారి క్యాపులను సబ్బు నీళ్లతో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి పెట్టుకోండి. దీని గురించి ఎవరూ పట్టించుకోరు, కానీ సగం మచ్చలు అక్కడినుంచే వస్తాయని నా నమ్మకం.

కొన్ని మిర్రర్‌లెస్ కెమెరాలు ఆఫ్ చేయగానే షట్టరు మూసేస్తాయి. కానన్ ఈఓఎస్ ఆర్‌తో 2018లో ఆ సదుపాయం వచ్చింది. లెన్సు మార్చేటప్పుడు సెన్సర్‌కు అది తెరలా అడ్డుంటుంది, ఉంటే వాడుకోండి. కానీ ఆ పరదాలు చాలా సున్నితమైనవి. వాటి మీద బ్లోయర్‌తో గట్టిగా ఊదకూడదు, వేలు అసలే తగలకూడదు.

సాయంత్రం పని. గుడారానికి చేరగానే కెమెరా తెరవకండి. ముందు మీరు ముఖం, చేతులు కడుక్కుని చొక్కా మార్చుకోండి. మన బట్టల మీద ఉన్న దుమ్ము తక్కువేమీ కాదు. తర్వాత టేపులు తీయకుండానే బయటంతా పొడి బ్రష్‌తో దులపండి, పైనుంచి కిందికి. ఆ తర్వాత బ్లోయర్. గాలిని సందుల్లోకి నేరుగా కొట్టకుండా, సందు వెంబడి పక్కవాటుగా ఊదాలి. లేకపోతే మీరే దుమ్మును లోపలికి తోస్తున్నట్టు. ఆపైన తడిపి బాగా పిండిన గుడ్డతో బాడీ తుడవండి, గుడ్డకు అంటుకున్న సన్న దుమ్ము గోధుమరంగులో కనిపిస్తుంది. అప్పుడు టేపులు తీసి, బ్యాటరీ, కార్డు బయటికి తీయండి. అంతా గుడారం ఊడ్చిన వెంటనే కాకుండా, ఊడ్చకముందే చేయండి.

ముందు గాజు మీద పది నలుసులు ఉన్నా ఫొటోలో కనిపించవు. సూర్యుడు ఎదురుగా ఉంటే కొంచెం తెల్లగా మసక వస్తుంది, అంతే. అందుకే పగలంతా బ్లోయర్‌తో ఊదడమే తప్ప గుడ్డ పెట్టవద్దు. చొక్కా అంచు అసలే వద్దు. రాత్రి కూడా వరుస ఇదే: ఊదాలి, బ్రష్ వేయాలి, మళ్లీ ఊదాలి, అప్పటికీ మరక ఉంటేనే లెన్సు ద్రవం ఒక చుక్క గుడ్డ మీద వేసి, బరువు పెట్టకుండా తుడవాలి.

ఊదడానికి చేతిలో నొక్కే రబ్బరు బ్లోయర్ ఒక్కటే వాడండి. డబ్బాల్లో దొరికే గాలి వద్దు, దాన్ని వంచితే లోపలి ద్రవం చిమ్మి గాజును ఒక్కసారిగా చల్లబరుస్తుంది, మరక కూడా పడుతుంది. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ అసలే వద్దు. బృందంలో ఎవరో ఒకరు తప్పకుండా ఆ సలహా ఇస్తారు. దాని గాలిలో నీటి తుంపర, నూనె ఉంటాయి, ఆ ఒత్తిడి దుమ్మును సీళ్లు దాటించి లోపలికి నెడుతుంది. నోటితో ఊదితే తుంపర పడుతుంది. రబ్బరు బ్లోయర్ కూడా ఇసుకలో పడి ఉంటే తను పీల్చుకున్న దుమ్మునే బయటికి కొడుతుంది. దాన్ని విడిగా జిప్‌లాక్‌లో ఉంచి, వాడే ముందు నాలుగైదు సార్లు పక్కకు నొక్కండి.

ఇక సెన్సర్. దుమ్ము సెన్సర్ మీద కాకుండా, దాని ముందు ఉండే ఫిల్టరు గాజు మీద కూర్చుంటుంది. ఆ గాజుల మందం సుమారు 2 మి.మీ. అనుకుందాం. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్సు లోపలి రంధ్రం చిన్నదవుతుంది. ఎఫ్/16 దగ్గర ఒక బిందువుకు చేరే కాంతి శంకువు వెడల్పు ఆ ఎత్తులో సుమారు 0.12 మి.మీ. ఉంటుంది, ఎఫ్/2.8 దగ్గర 0.7 మి.మీ. 50 మైక్రాన్ల నలుసు ఒకటి అడ్డం వస్తే, మొదటి సందర్భంలో కాంతిలో ఆరో వంతు ఆగిపోతుంది, రెండో దాంట్లో రెండు వందల్లో ఒక వంతు. అందుకే ఎఫ్/16లో నల్లగా కనిపించిన మచ్చ ఎఫ్/2.8లో మాయమవుతుంది. లోతంతా ఫోకస్‌లో ఉండాలని చాలామంది ఎఫ్/16, ఎఫ్/22 పెడతారు. ఎఫ్/8, ఎఫ్/11 చాలినచోట వాటితోనే తీయండి. మచ్చలు తగ్గుతాయి, డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం దాటేటప్పుడు కాంతి చెదరడం) వల్ల వచ్చే మెత్తదనమూ తగ్గుతుంది.

రెండు మూడు రోజులకొకసారి ఈ పరీక్ష చేయండి. తక్కువ ఐఎస్‌ఓ, ఎఫ్/16 లేదా ఎఫ్/22, ఫోకస్‌ను మాన్యువల్‌లో పెట్టి పూర్తిగా తప్పించి, మబ్బు లేని ఆకాశాన్నో తెల్ల కాగితాన్నో తీయండి. ఎక్స్‌పోజర్ జరుగుతున్నప్పుడు కెమెరాను కొంచెం కదిపితే కాగితం మీది మరకలు చెరిగిపోయి, సెన్సర్ మచ్చలు మాత్రమే మిగులుతాయి. ఆ ఫొటోను పడేయకండి. ఆ తేదీ ఫొటోలతోపాటే దాచండి. రేపు ఎవరైనా ఒక పెంకు ఫొటోలో చిన్న మచ్చ చూసి అది రంధ్రమా, మరకా అని అడిగితే, ఈ ఫొటోయే జవాబు చెబుతుంది. శాస్త్రీయ రికార్డుగా ఉండాల్సిన ఫొటోలో మచ్చను క్లోన్ చేసి (పక్క భాగాన్ని దాని మీద అతికించి) చెరిపేయడం నాకు ఇష్టం లేదు. మచ్చ అలాగే ఉంచి, అది సెన్సర్‌దని చూపించగలగడమే నిజాయితీ. కానన్, నైకాన్ కెమెరాల్లో ఇలాంటి రెఫరెన్సు ఫొటో తీసి సాఫ్ట్‌వేర్‌తో మచ్చలు తగ్గించే సదుపాయం చాలా మోడళ్లలో ఉంది. ప్రచురణ ప్రతికి అది వాడినా, అసలు ఫైలు మాత్రం ముట్టుకోకండి.

మచ్చ వచ్చిందా, మొదట కెమెరాలో ఉన్న సెన్సర్ క్లీనింగ్ నడపండి. ఫిల్టరు గాజును అతి వేగంగా వణికించి దుమ్ము రాల్చే ఈ పద్ధతిని 2003లో ఒలింపస్ ఈ-1 మొదట తెచ్చింది, ఇప్పుడు దాదాపు అన్నిటిలో ఉంది. పొడి నలుసులకు అది బాగానే పనిచేస్తుంది. పోకపోతే బ్యాటరీ నిండా ఉంచి, మాన్యువల్ క్లీనింగ్ మోడ్‌లో పెట్టి, కెమెరా మౌంటు నేలవైపు తిప్పి, కింది నుంచి బ్లోయర్‌తో ఊదండి. బ్లోయర్ ముక్కు మౌంటు దాటి లోపలికి పోకూడదు. మచ్చ ఎక్కడుందో వెతికేటప్పుడు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి: ఫొటోలో పైన ఉన్న మచ్చ, కెమెరాను ఎదురుగా పట్టుకుని సెన్సర్‌లోకి చూస్తే కింద ఉంటుంది. ఎడమది ఎడమనే ఉంటుంది.

తడి స్వాబ్‌తో (సెన్సర్ తుడిచే గుడ్డ చుట్టిన పుల్లతో) తుడవడం చివరి దారి. ఎడారి నలుసు క్వార్ట్జ్ కావచ్చు కాబట్టి ముందు బాగా ఊదకుండా స్వాబ్ పెట్టకూడదు. పెద్ద సెన్సర్ ఫుల్ ఫ్రేమ్‌కు 24 మి.మీ., చిన్న సెన్సర్ ఏపీఎస్-సీకి 16 మి.మీ. స్వాబ్ వస్తుంది. ద్రవం రెండు చుక్కలు చాలు. ఒక వైపుతో ఒక చివరి నుంచి రెండో చివరికి ఒక్క లాగుడు, స్వాబ్ తిప్పి రెండో వైపుతో తిరుగు లాగుడు, అక్కడితో ఆ స్వాబ్ చెత్తబుట్టలోకి. మూల్లో చిన్న మచ్చ మిగిలితే వదిలేయండి. క్యాంపులో పరిపూర్ణమైన సెన్సర్ కోసం పట్టుబట్టి పది స్వాబులు వాడటం కంటే ఒక మచ్చతో బతకడం మేలు.

ఉప్పు చవుడు నేలల్లో పని ఉంటే జాగ్రత్త ఇంకాస్త పెంచండి. ఆ దుమ్ము తేమను పీల్చుకుని లోహపు కాంటాక్టులను తినేస్తుంది. అక్కడ రోజూ తడి గుడ్డతో తుడవడం మానకూడదు. నమీబ్ లాంటి సముద్రతీర ఎడారుల్లో తెల్లవారుజామున పొగమంచు కూడా కమ్ముతుంది, దుమ్ము పట్టిన కెమెరా మీద అది చేరితే బురదే. రాత్రి పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు ఉంచండి.

ట్రైపాడ్ కాళ్లను ముందు అడుగు భాగం నుంచి సాగదీయండి, కీళ్లు ఇసుకకు పైన ఉంటాయి. కీళ్లకు గ్రీజు, నూనె పూయవద్దు, ఇసుక దానికి అతుక్కుని ఉప్పుకాగితంలా మారుతుంది. ఫొటోలో రంగులు సరిచూసుకోవడానికి వాడే రంగుల కార్డును ప్లాస్టిక్ కవరులోనే ఉంచి, ఫొటో తీసే క్షణంలోనే బయటికి తీయండి. పలుచని దుమ్ము పొర చాలు, బూడిదరంగు చదరం గోధుమరంగుకు తిరిగి మీ రంగులన్నీ తప్పుతాయి. డ్రోన్ ఉంటే నేల మీదినుంచి లేపవద్దు. ఒక పట్టా పరిచి, అంచుల మీద బరువులు పెట్టి, దాని మీదినుంచి లేపండి. దాని మోటార్లలో అయస్కాంతాలు ఉంటాయి, మాగ్నెటైట్ వాటికీ పడుతుంది.

పెద్ద గాలిదుమారం వస్తుందని తెలిస్తే ఫొటోల మీద ఆశ వదిలి, అన్నీ గట్టి పెట్టెలో పెట్టి మూసేయండి. అది వెళ్లిపోయాక కూడా చాలాసేపు తెరవకండి, పైన చెప్పిన లెక్క గుర్తుంది కదా.

కెమెరా ఇసుకలో పడితే జూమ్ రింగు, ఫోకస్ రింగు తిప్పి చూడాలని చెయ్యి లాగుతుంది. తిప్పవద్దు. లెన్సును నేలవైపు వంచి, బ్రష్, బ్లోయర్‌తో సందులన్నీ శుభ్రం చేశాకే కదపండి. అప్పటికీ గరగరమంటే ఉన్నచోట టేపు వేసి ఫిక్స్‌డ్ లెన్సుగా వాడుకోండి. బృందంలో ఎవరిదైనా చిన్న కాంపాక్టు లెన్సు బయటికి సాగి ఉన్నప్పుడు పడితే, ఆఫ్ బటన్ నొక్కనివ్వకండి. ఆఫ్ చేస్తే గొట్టం ఇసుకతో సహా లోపలికి ముడుచుకుని ఇరుక్కుంటుంది, దాన్ని విడదీయకుండా బాగుచేయడం కుదరదు. లెన్సు సాగి ఉండగానే బ్యాటరీ తీసేసి, గొట్టం చుట్టూ ఓపికగా శుభ్రం చేసి, తర్వాత బ్యాటరీ పెట్టండి.

తిరిగి వచ్చాక పట్టీలు, గుడ్డ బ్యాగులు ఉతకండి. వాటిలో మిగిలిన దుమ్ము నెలల తరబడి రాలుతూనే ఉంటుంది. ఇంటి దగ్గర ఒకసారి సెన్సర్ పరీక్ష ఫొటో తీసి, బయల్దేరే ముందు తీసినదానితో పోల్చండి. అందుకే బయల్దేరే ముందు కూడా ఒకటి తీసి పెట్టుకోమంటున్నాను. జూమ్‌లో గరగర మిగిలి ఉంటే సర్వీసుకు ఇచ్చేటప్పుడు ఎడారిలో వాడానని, ఏ రింగు దగ్గర తగులుతోందో కాగితం మీద రాసి ఇవ్వండి. మీరు వెళ్లే ప్రాంతంలో నేల ఇసుకా, చవుడా, గాలి ఏ వేళ ఎక్కువగా వీస్తుందో చెబితే పని వేళలు ఎలా పెట్టుకోవాలో కూడా రాస్తాను.